బావగారి పళ్ళు, ఎలుకల విటమిన్లు

కొట్టు వెనక గది,
డబ్బాల మధ్య నుంచి

బావమరిదికి,

క్షేమమని రాయాలి. రాయను. నోట్లో పళ్ళు లేనివాడికి క్షేమమేమిటి? ఫోను చేద్దామనుకున్నాను గానీ, పళ్ళు లేకుండా నేను మాట్లాడుతుంటే అవతలివాళ్ళు రాంగ్ నంబరని పెట్టేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం. రాయడానికి పళ్ళతో పనిలేదు కదా.

జరిగింది చెబుతాను. జరిపించింది నువ్వే కాబట్టి కాస్త శ్రద్ధగా చదువు. ప్లాస్టిక్‌లో ఏయే రసాయనాలుంటాయో, వేడి తగిలితే, నూనె తగిలితే అవి తిండిలోకి ఎలా దిగుతాయో వివరిస్తూ మీ అక్కకు ఉత్తరం రాశావు. ఉత్తరమా అది? కవరులో పట్టక పార్సిలై వచ్చింది. ప్లాస్టిక్ సామాన్ల కొట్టు మీద బతికేవాడి పెళ్ళానికి రాయవలసిన సంగతులేనా అవి? మేకలు కాసేవాడి ఇంటికి పులిని చుట్టం చేసి పంపినట్టుంది.

మీ అక్క చదివింది. నడుం బిగించింది. మొదట వంటింట్లో డబ్బాలు పోయాయి. తర్వాత బకెట్లు, మగ్గులు, కుర్చీలు, దువ్వెన. ఆ తర్వాత నా కళ్ళజోడు. ఫ్రేము ప్లాస్టిక్కట. అప్పటిదాకా నోరెత్తకుండా నెట్టుకొచ్చాను. చివరికి ఆవిడ నా ఎదురుగా కూర్చుని, "ఏమండీ, మీ పళ్ళు దేంతో చేశారు?" అని అడిగింది.

జీవితమంతా కొట్లో కూర్చున్న నోరిది. సరుకు గురించి ఎవరడిగినా పొగడటమే దీనికి అలవాటు. "మేలిరకం ప్లాస్టిక్. కిందపడినా పగలదు, ఎన్నేళ్ళయినా రంగు పోదు, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు" అన్నాను.

చెయ్యి చాపింది. పళ్ళు ఇచ్చాను. బీరువా తాళం పడ్డ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

నెలాఖరున ప్లాస్టిక్ వర్తకుల సంఘం వార్షిక సభ. ఈసారి అధ్యక్షోపన్యాసం నాది. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో నీకు తెలుసు. సంఘంలో నా తర్వాతి కుర్చీలో ఉన్న పైపుల వ్యాపారి, నేను తడబడితే మైకు లాక్కుందామని కాచుకుని ఉన్నాడు. పళ్ళు లేకుండా నేను ఆ వేదిక ఎక్కితే నా బతుకు నవ్వులపాలు.

మీ అక్కకు నేను చెప్పింది గాలిమాట, నువ్వు రాసింది శిలాశాసనం. ఒక్క వాక్యం రాసి పడెయ్: బావగారి పళ్ళ వల్ల ప్రమాదం లేదని. పుణ్యముంటుంది.

మీ బావ

•

మేడ మీది గది,
పుస్తకాల మధ్య నుంచి

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఒకసారి చదివి, కిటికీ తెరిచి, మళ్ళీ చదివాను. ఈ రోజుల్లో మంచి వచనం దొరకడం లేదు. పత్రికల్లో రాసేవాళ్ళకు చెప్పడానికి ఏమీ లేదు, చెప్పడానికి ఉన్నవాళ్ళకు రాయడం రాదు. "చెయ్యి చాపింది. పళ్ళు ఇచ్చాను." ఇంత క్లుప్తంగా ఒక మనిషి పతనాన్ని చెప్పినవాళ్ళు చాలా తక్కువమంది. మీలో ఇంతటి రచయిత ఉన్నాడని ఇన్నేళ్ళూ తెలియలేదు. పళ్ళు అడ్డం వచ్చి ఉంటాయి.

ఒక్క వాక్యం రాయమన్నారు. మీరు బకెట్టు అమ్మినంత తేలిక కాదు వాక్యం రాయడం. ముందు చదవాలి. డబ్బాల్లో వాడే ప్లాస్టిక్ ఒకటి, దాన్ని మెత్తగా చేయడానికి కలిపేది మరొకటి, పళ్ళకు వాడేది ఇంకొకటి. ఏది ఎవరికి ఏం చేస్తుందో తేల్చకుండా ఒక స్త్రీకి, అందులోనూ మా అక్కకి, హామీ ఎలా ఇస్తాను? చదువుతున్నాను. నెమ్మదిగా చదువుతున్నాను.

ఈలోగా ఒక పాత సంగతి. నేను గ్రంథాలయంలో కొత్తగా చేరిన రోజుల్లో, మీ ఇంట్లో నలుగురూ చేరినప్పుడు, మీరు నన్ను ఒక పెద్దమనిషికి పరిచయం చేశారు. ఆయన నన్ను అల్లుణ్ణి చేసుకుందామని చూడ్డానికి వచ్చినవాడు. మీరు నా భుజం మీద చెయ్యి వేసి, "మా బావమరిది పుస్తకాలకు దుమ్ము దులుపుతాడు" అన్నారు. గది గదంతా నవ్వింది. ఆ పెద్దమనిషి కాఫీ కూడా పూర్తి చేయకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు. ఈ గదిలో నేనూ, నా పుస్తకాలూ, వాటి మీద దుమ్మూ మిగిలాం.

మీకు గుర్తుండదు. అన్నవాడికి మరుపు, పడ్డవాడికి మిగులు.

మీ వార్షిక సభలో, మీ ఉపన్యాసానికి ముందు, ఆ మాట వెనక్కు తీసుకోండి. అందరూ వినేలా, వేదిక మీద నుంచి. అప్పుడు నా చదువు కాస్త చురుగ్గా సాగుతుందనిపిస్తోంది.

మీ బావమరిది

•

కొట్టు వెనక గది

బావమరిదికి,

ఆయన లేచి వెళ్ళింది బస్సుకు వేళైందని. ఆ సంగతి ఆ రోజే చెబుదామనుకున్నాను, నువ్వు అప్పటికే మొహం మాడ్చుకుని ఏదో పుస్తకంలో దూరావు. ఇన్నేళ్ళూ బయటికి రాలేదు.

సరే, క్షమాపణ చెబుతాను. కానీ పళ్ళు లేకుండా చెబితే ఎవడికి అర్థమవుతుంది? నేను క్షమించమంటే, జనం దాహం వేస్తోందనుకుని నీళ్ళు తెస్తారు. కాబట్టి ముందు పళ్ళు, తర్వాత క్షమాపణ.

అయితే నీ దయ లేకుండానే బయటపడే దారి ఒకటి కనిపించింది. మొన్న మూతల కోసం కొట్టుకు వచ్చిన కాంపౌండర్ ఒకాయన పత్రికలో వార్త చదివి వినిపించాడు. ప్లాస్టిక్ రసాయనాలు ఒంట్లో చేసే చెరుపును విటమిన్లు అడ్డుకుంటాయట. సి, ఇ అని పేర్లు కూడా చెప్పాడు. యాంటీ ఆక్సిడెంట్లట. ఎంత హాయైన మాట! నేను వెంటనే వెళ్ళి బిళ్ళలు కొన్నాను. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగే నారింజరంగు బిళ్ళలు. మీ అక్క ముందు పెట్టి, "ఇదిగో విరుగుడు, ఇక పళ్ళు ఇచ్చెయ్" అన్నాను. అర్థం కావడానికి నాలుగుసార్లు అనాల్సి వచ్చింది.

మీ అక్క ఓపిగ్గా విన్నది. "మంచి మాట చెప్పారు" అన్నది. బిళ్ళలు కూడా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. విటమిన్లు బిళ్ళల్లో కాదు, తిండిలో తినాలని నాకు పచ్చి జామకాయలు, బాదం గింజలు, క్యారెట్లు పెడుతోంది. పళ్ళున్నవాడికి శనగలు లేవు, శనగలున్నవాడికి పళ్ళు లేవని ఊరికే అన్నారా? క్యారెట్టును చప్పరించి చప్పరించి దవడలు పట్టేశాయి. దానికి మాత్రం ఏమీ కాలేదు.

ఇంకో సంగతి. మీ అక్క నోట వీధంతా పాకిన నీ ప్రచారం వల్ల పడిపోయిన బేరాన్ని లేపడానికి ఒక పథకం పెట్టాను. అన్నం డబ్బా కొన్నవాళ్ళకు విటమిన్ బిళ్ళలు ఉచితం. కొట్టు ముందు పెద్ద బోర్డు కట్టించాను: "విషమూ మా దగ్గరే, విరుగుడూ మా దగ్గరే". రాయించినప్పుడు బాగానే అనిపించింది. ఆ రోజు నుంచి కొట్టులోకి ఈగ కూడా రావడం లేదు. అప్పటిదాకా విషం సంగతి తెలియనివాళ్ళు కూడా ఎదురుగా నిలబడి బోర్డు చదువుకుని, పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నారు.

నెలాఖరు దగ్గరపడుతోంది. వాక్యం రాయి.

మీ బావ

•

మేడ మీది గది

బావగారికి,

ఆ బోర్డును దింపకండి. వ్యాపార ప్రకటనల్లో నిజం రాసిన మొదటివారు మీరే అయి ఉంటారు. నేను బతికుండగా ఇలాంటిది చూస్తాననుకోలేదు.

ఇక మీ విటమిన్ల సంగతి. మీ కాంపౌండరు ఆ వార్తను సగం చదివాడు. రాసినవాడు దాన్ని పావు చదివి ఉంటాడు. ఆరోగ్య శీర్షికలు రాసేవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. గ్రంథాలయానికి వచ్చి, పుస్తకం చివరి పేజీ తిరగేసి, అట్ట మీది బొమ్మ చూసి, వ్యాసం రాసుకుపోయేవాళ్ళు. అసలు సంగతి నేను చెబుతాను. ఎలుకలకు ఆ రసాయనాలు ఎక్కించారు. వాటి కాలేయమూ మిగతా అవయవాలూ దెబ్బతిన్నాయి. కొన్నింటికి దాంతోపాటు విటమిన్ సి, ఇ పెట్టారు. ఆ ఎలుకలకు దెబ్బ కొంత తగ్గింది. అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుకకే మందు వేశారు. మనుషుల్లో ఇంతే జరుగుతుందని గట్టిగా చెప్పగలిగినవాడు నాకు కనబడలేదు. బిళ్ళలు ఎక్కువైతే అదో చేటు. మీరు ఎలుక అయితే నాకు అభ్యంతరం లేదు, మింగండి. మనిషైతే పళ్ళూ కూరలూ తినండి, వేడి తిండి ప్లాస్టిక్‌లో పోయకండి. గొడుగు వేసుకున్నాం కదా అని చూరు కింద నిలబడి తడిసేవాణ్ణి ఏమంటారో విరుగుడు మింగి విషం తినేవాణ్ణీ అదే అంటారు.

ఇప్పుడు మీకు మాత్రమే చెప్పే మాట. మీ పళ్ళ సంగతి నేను మొదటి ఉత్తరం అందిన రోజే చదివేశాను. ఆ ప్లాస్టిక్ గట్టిరకం, అందులో మెత్తబరిచే రసాయనాలు కలపరు. కొత్తలో కాస్త ఏదో వదులుతుందంటారు, మీవి పాతవి. ఏ ప్రమాదమూ లేదు. హాయిగా పెట్టుకోవచ్చు. కానీ ఆ వాక్యం అక్కకు రాయను. మీరు వేదిక ఎక్కి చెబుతానని ముందు ఆమె ముందర మాట ఇవ్వండి. మీరు జామకాయను నాకుతున్న దృశ్యం తలుచుకుంటే నాకు ఈ మధ్య నిద్ర బాగా పడుతోంది. తొందరేమీ లేదు.

చదివాక ఈ ఉత్తరం చించేయండి. అక్క కంట పడకూడదు.

మీ బావమరిది

•

వంటిల్లు,
గట్టు మీద నుంచి

తమ్ముడికి,

నీ ఉత్తరం చించలేదు. బీరువాలో పెట్టాను.

ప్రపంచంలో ఉన్న పుస్తకాలన్నీ చదివావు. మీ బావ కళ్ళజోడు నా దగ్గరుంటే, నీ ఉత్తరాలు ఆయనకు ఎవరు చదివి వినిపిస్తున్నారో ఆలోచించలేకపోయావా? మొదటి ఉత్తరం నుంచీ నేనే చదువుతున్నాను. ఆ సంగతి నీకు రాయమని ఆయనతో అన్నాను. "వద్దులే, వాడు స్వేచ్ఛగా రాసుకోనీ" అన్నాడు. చించేయమన్న చోటు చదువుతున్నప్పుడు మీ బావ పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. పళ్ళు లేని నోటితో నవ్వు ఆపుకోవడం కష్టమని అప్పుడే చూశాను.

నాకు పళ్ళ మీద అనుమానం ఉన్నమాట నిజం. నువ్వు అంత రాస్తే లేకుండా ఎలా ఉంటుంది? కానీ నా అసలు భయం వేరు. మీ బావ రోజూ మధ్యాహ్నం కొట్లో, కొనేవాళ్ళందరూ చూస్తుండగా, పొగలు కక్కే అన్నం ప్లాస్టిక్ డబ్బాలో వేయించుకుని తింటాడు. "చూడండి, నేనే తింటున్నాను, నాకేమైంది" అని అమ్ముతాడు. నలభై ఏళ్ళుగా ఆయన ఒళ్ళే ఆ కొట్టుకు బోర్డు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పళ్ళు తీసుకున్న దగ్గర్నుంచి పదిమందిలో తినడానికి సిగ్గుపడి ఇంటికొస్తున్నాడు. స్టీలు పళ్ళెంలో తింటున్నాడు. ఇంత లాభం కళ్ళ ముందు పెట్టుకుని పళ్ళెందుకిస్తాను?

నీ మీద నాకు కోపం. నాకు భయం పెట్టే సంగతులైతే పార్సిలు కట్టి పంపావు. భయం తీర్చే వాక్యం ఒక్కటి దాచుకున్నావు. నీ పరువు తగవు తీర్చుకోవడానికి నా మొగుడి పళ్ళే దొరికాయా?

ఇద్దరూ వినండి. నువ్వు ఆ వాక్యం నాకు తిన్నగా రాయి. ఆయన ఇక వేడి తిండి డబ్బాలో తినకూడదు, మిగతా వర్తకులకూ ఆ మాట వేదిక మీద చెప్పాలి. నీకు చెప్పవలసింది కూడా చెప్పాలి. అప్పుడు సభ రోజు పొద్దున పళ్ళు ఇస్తాను. అవి గాజు సీసాలో నీళ్ళలో ఉన్నాయి. వాటికి ఏ లోటూ రానివ్వడం లేదు.

నువ్వు కూడా సభకు రా. వస్తూ నీ చెవి యంత్రం తెచ్చుకో, అది లేకపోతే నీకు పిడుగు పడినా వినబడదు. అన్నట్టు ఆ యంత్రం దేంతో చేశారు? ప్లాస్టిక్ అంటే అంత హడలగొట్టినవాడివి, పొద్దస్తమానం చెవిలో పెట్టుకున్నది వెన్నముద్దా? వచ్చాక చూస్తాను.

అక్క

•

మేడ మీది గది

అక్కకు,

బావగారి పళ్ళ వల్ల ప్రమాదం లేదు.

ఇది ఏ బలవంతమూ లేకుండా రాస్తున్నాను. నీ ఉత్తరం ఇంకా బల్ల మీదే ఉంది. దాని వైపు చూడటం లేదు.

చెవి యంత్రం గట్టి ప్లాస్టిక్. అందులో వేడి పదార్థాలేవీ పెట్టను.

తమ్ముడు

•

మేడ మీది గది

బావగారికి నమస్కారాలు.

సభ నుంచి వచ్చి ఈ గదిలో పడ్డాక మూడు రోజులుగా నిశ్శబ్దంలో ఉన్నాను. నిశ్శబ్దం నా సొంత నిర్ణయం కాదు. ఆ సంగతే ముందు రాయాలి.

ఆ రోజు పొద్దున మీరు అద్దం ముందు పళ్ళు పెట్టుకుని కేక వేసిన సమయంలో నేను మీ ఇంటి స్నానాల గదిలో ఉన్నాను. కేక నాకు వినబడలేదు. బయటికొచ్చి చూస్తే మీ పళ్ళు పండిన నారింజ తొనల్లా మెరుస్తున్నాయి. అక్క మాత్రం స్థిమితంగా ఉంది. మీరు తెచ్చిన విటమిన్ బిళ్ళల్ని రోజుకొకటి ఆ సీసాలో వేసిందట. విషం ఉన్నది పళ్ళల్లో అయితే విరుగుడు కూడా పళ్ళకే పట్టించాలి గానీ మనిషికి ఎందుకని ఆమె వాదన. శాస్త్రజ్ఞులు ఎవరికీ తట్టని ఆలోచన. నేను తలుపు చాటున నవ్వుకున్నాను.

ఎక్కువసేపు నవ్వలేదు. స్నానానికి వెళుతూ బల్ల మీద పెట్టిన నా చెవి యంత్రం అదే సీసాలో, మీ పళ్ళు ఖాళీ చేసిన చోట, బుసబుసమంటూ మునిగి ఉంది. మీరు అప్పుడు పళ్ళు తోముకునే హడావిడిలో ఉన్నారు, మీకు తెలియదు. నేను అక్కను అడిగాను. ఆమె పెదవులు కదిలాయి. ఏదో చెప్పింది. బహుశా ఎలుకల గురించి.

కాబట్టి మీ సభను నేను ముందు వరసలో కూర్చుని చూశాను. వినలేదు. అయినా చూడవలసింది చూశాను. మీరు వేదిక ఎక్కారు. నోరు తెరిచారు. హాలంతా ఒక్కసారి ముందుకు వంగింది. పైపుల వ్యాపారి నోరు కూడా తెరుచుకుంది, ఆయనవి మామూలు పళ్ళే. మీరు తడబడకుండా చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఒక చోట ఆగి, నా వైపు చెయ్యి చూపారు. మనుషులందరూ మెడలు చాచి నన్ను చూశారు. నాకు అర్థమైంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట వెనక్కు వెళుతోందని అర్థమైంది. నేను లేచాను. తల వంచాను. నాలుగు వైపులా తిరిగి చెయ్యి ఊపాను. నాకు వినబడకపోయినా చప్పట్లు నేల అదిరి పాదాలకు తెలిశాయి.

బావగారూ, నేను చాలా పుస్తకాలు చదివాను. పగవాడు నిండు సభలో తలవంచడమన్నది పుస్తకాల్లోనే జరుగుతుందనుకునేవాణ్ణి. మిమ్మల్ని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను. బస్సుకు వేళైందన్న మాటను కూడా నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

ఒక చిన్న కోరిక. ఆ మాటలు సరిగ్గా ఏమిటో రాసి పంపండి. పొల్లుపోకుండా రాయండి. బల్ల మీద పెట్టుకుంటాను.

మీ బావమరిది

•

కొట్టు ముందు గది,
గల్లాపెట్టె దగ్గర నుంచి

బావమరిదికి,

కళ్ళజోడు కూడా తిరిగొచ్చింది కాబట్టి నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. రెండుసార్లు. తర్వాత మీ అక్కకు చదివి వినిపించాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నవ్వుతోంది, ఇంకా లోపలికి వెళ్ళలేదు.

నీకు క్షమాపణ చెప్పాను. వేదిక ఎక్కగానే, సంఘం గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకముందే చెప్పాను. అందరికీ వినబడేలా, ఒక్కొక్క మాటా విడిగా పలుకుతూ చెప్పాను. నేను అలా మాట్లాడగలనని నాకే తెలియదు. ఆ మాటలు వినగానే మీ అక్క కళ్ళు తుడుచుకుంది. నువ్వు కళ్ళజోడు తుడుచుకున్నావు. తల వంచుకుని, అద్దాల మీద ఊది, అంచులు కూడా వదలకుండా తుడిచావు. అయిపోయాక జేబురుమాలు మడిచి పెట్టుకుని అప్పుడు తలెత్తావు.

ఆ తర్వాత డబ్బాల సంగతి చెప్పాను. వేడి తిండి వీటిలో పెట్టొద్దని మనమే అచ్చేసి అతికిద్దామన్నాను, విటమిన్ బిళ్ళతో పాపం పోదన్నాను. హాలు గొణిగింది. ఇదంతా నీ బుర్రలోకి ఎవరు ఎక్కించారని పైపుల వ్యాపారి అరిచాడు. అప్పుడు నేను నీ వైపు చెయ్యి చూపి, "మన అందరి వ్యాపారానికీ నిప్పు పెట్టిన మహానుభావుడు ఆయనే. అడగదలుచుకున్నవాళ్ళు ఆయన్నే అడగండి" అన్నాను.

కొందరు చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. అంతలో నువ్వు లేచావు. తల వంచావు. పెళ్ళికొడుకులా నాలుగు దిక్కులకూ చెయ్యి ఊపావు. ఇంత గుండె ధైర్యం ఉన్నవాణ్ణి వాళ్ళు జన్మలో చూడలేదు. ఒకడు మొదలుపెట్టాడు, ఇక హాలంతా లేచి నిలబడి చప్పట్లు. పైపుల వ్యాపారి కూడా కొట్టాడు. అతికించే కాగితాల తీర్మానం ఆ ఊపులోనే నెగ్గింది. నేను ఎంత మాట్లాడినా నెగ్గేది కాదు.

మాటలు రాసి పంపమన్నావు. రాయను. అలాంటి మాట మనిషి ఒకసారే అనగలడు, నేను అనేశాను. వర్తకులందరూ విన్నారు. నువ్వు దుమ్ము దులిపేవాడివని ఇక ఎవడూ అనడు. కొత్త యంత్రం కొనుక్కుని వచ్చి ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకో. మీ అక్కను అడిగావంటే తను కూడా చెప్పదు, అడిగి చూశాను.

పళ్ళకు రంగు ఇంకా పోలేదు. పిల్లలు చూడ్డానికి వస్తున్నారు, వాళ్ళ వెనకే తల్లులు, తల్లులు వచ్చాక బేరం. చెవిటివాడి ముందు శంఖమూదితే, కొరుకుడు పడటం లేదా అని అడిగాడట. నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను: బాగానే పడుతోంది.

మీ బావ